క్లచ్ లేని పూట

మదనపల్లెలో, పుంగనూరు రోడ్డు మీద ఫకీర్ సాహెబ్ షెడ్డూ, దాని వెనకే ఇల్లూ ఉండేవి. జీపు క్లచ్ ఏ మాత్రం మొరాయించినా చౌడేపల్లె నుంచైనా, గుర్రంకొండ నుంచైనా, ఆఖరికి కుప్పం నుంచైనా డ్రైవర్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇంజన్ అరుస్తున్నా బండి కదలదంటే ప్లేటు అరిగిందనేవాడు. పెడల్ తొక్కగానే కీచుమంటే బేరింగు పోయిందనేవాడు. నమ్మకం లేనివాళ్ళ చేత చేతిబ్రేకు లాగించి, టాప్ గేర్ వేయించి, పెడల్ వదిలించేవాడు. ఇంజన్ టక్కున ఆగిపోతే ప్లేటు బాగున్నట్టు, ఆగకుండా తిరుగుతూనే ఉంటే పోయినట్టు.

చూశారా, అన్నీ చేయించడమే, తాను చేయడం లేదు. ఆయన బండి కింద పడుకొని “తొక్కప్పా” అనేవాడు, పైనుంచి ఇంకెవరో తొక్కేవాళ్ళు. ఆరో ఏట కుప్పంలో వచ్చిన జ్వరం ఆయన ఎడమ కాలిని ఎండగట్టి పోయింది. మూడు తాలూకాల క్లచ్‌లు బాగుచేసిన మనిషికి క్లచ్ తొక్కే కాలు లేదు. దేవుడి ఎకసెక్కాలు ఒక్కోసారి ఇంత మోటుగా ఉంటాయి.

ఒక్కసారైనా జీపును తానే తోలుకుంటూ హార్స్లీ హిల్స్ ఎక్కాలని ఆయన కోరిక. కోరిక అంటే చిన్నమాట, అది కడుపులో ఆకలి మాదిరి ఉండేది. కుప్పంలో ఉన్న చెల్లెలు సఫియాను చూడడానికి బస్సెక్కితే ముందు సీటులోనే కూర్చొని, డ్రైవర్ ఎడమ పాదాన్ని చూస్తూ ఊరు చేరేవాడు. ఒకసారి ఎవరూ లేనప్పుడు ఊతకర్రతో పెడల్ తొక్కి చూశాడు. బండి ఎగిరి షెడ్డు తడికను కూల్చేసింది. భార్య ఫాతిమా పరుగున వచ్చి ముందు నవ్వింది, ఆయన మొహం చూశాక లోపలికి పోయి ఏడ్చింది.

డెబ్భై తొమ్మిది ఎండాకాలంలో గంగాధరం జీపు తెచ్చాడు. చౌడేపల్లె రైతు నారాయణస్వామి దగ్గర డ్రైవర్ అతను, ఆ జీపులో హార్స్లీ హిల్స్ మీది బంగళాలకు కూరగాయలు చేరవేస్తాడు.

“గేర్ పడ్డం లేదన్నా, కరకరమంటాది. ఈడ బాగుంటాది, కొండ మీదనే పేచీ,” అన్నాడు.

షెడ్డులో ఎంత చూసినా తప్పు దొరకలేదు. కొండ మీదనే చూడాలని ఫకీర్ సాహెబ్ కూరగాయల మూటలతో పాటు తానూ జీపెక్కాడు. ఘాట్‌లో నాలుగో మలుపు దగ్గర గంగాధరం గేర్ మార్చబోతే కింద టప్పుమంది. పెడల్ నేలకు అతుక్కుపోయింది, ఇంజన్ ఆగిపోయింది. దిగి చక్రానికి రాయి పెట్టారు. ఫకీర్ సాహెబ్ కిందికి దూరి చూశాడు. పెడల్‌కూ క్లచ్‌కూ నడుమనుండే కడ్డీ, పిన్ను తిరిగే చోట అరిగీ అరిగీ తెగిపోయింది.

“ఏం భయం లేదు. చిన్న గేర్ కడ్డీని ‘లో’లో ఎయ్, బండి నిదానంగా, బలంగా లాగుతాది, నాలుగు చక్రాలూ పట్టేస్తాయి. ఫస్ట్ గేర్‌లో ఉంచి సెల్ఫ్ కొట్టు, ఇంజనూ బండీ ఒగేసారి కదుల్తాయి. ఆపాలంటే తాళంచెవి తిప్పేసెయ్, అంతే,” అన్నాడు. దారిలో ఇరుక్కున్న డ్రైవర్లకు ఇరవై ఏళ్ళుగా ఆయన చెప్పే ఉపాయమే అది.

గంగాధరం సీటెక్కబోయి ఆగాడు. ఆయన వైపు వింతగా చూశాడు.

“అంటే, క్లచ్ తొక్కే పనే లేదా?”

“తొక్కేదానికి అది యాడుండాదప్పా?”

“అట్లయితే నీ ఎడమ కాలుతో పనేముండాదన్నా? రా, నువ్వే కూర్చో.”

ఇరవై ఏళ్ళు ఊరందరికీ చెప్పిన మాట, ఫకీర్ సాహెబ్ చెవిన మాత్రం ఎన్నడూ పడలేదు.

గంగాధరం భుజం పట్టి ఎక్కించాడు, కర్ర తీసి వెనక మూటల మీద పెట్టాడు. సెల్ఫ్ కొట్టగానే బండి ఒక్క కుదుపు కుదిపి కొండెక్కడం మొదలుపెట్టింది. ఎక్కడమంటే ఏం ఎక్కడం! కట్టెలమోపు నెత్తినెట్టుకొని పోయే ఆడమనిషి వాళ్ళను దాటుకొని ముందుకు పోయింది. ఫకీర్ సాహెబ్‌కు అదేమీ పట్టలేదు.

“తోలుతాండానప్పా, సూడు, నేనే తోలుతాండా,” అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి స్టీరింగు వదలబుద్ధి కాలేదు. గంగాధరం మొహం లోయ వైపు తిప్పుకున్నాడు.

మూటలు దించాక మళ్ళీ షెడ్డుదాకా ఆయనే తోలాడు. ఇల్లు చేరేసరికి పొద్దువాలింది.

ఆ కడ్డీ పని ఒక పూటది. మూడు రోజులైనా ఆయన దాన్ని ముట్టుకోలేదు. తెల్లారగానే సెల్ఫ్ కొట్టి వీధి చివరిదాకా పోయి వచ్చేవాడు. ఫాతిమా గడపలో నిలబడి చూసేదేగానీ ఒక్క మాట అడగలేదు.

నాలుగో రోజు గంగాధరం వచ్చి, బండి లేక చౌడేపల్లెలో టమోటాలు కుళ్ళుతున్నాయని నసుగుతూ చెప్పాడు. “అయినా ఇంకో రెండ్రోజులు పెట్టుకో అన్నా. పిన్ను దొరకలేదని మా రైతుకు చెప్తాలే.”

“వద్దప్పా. రైతు నోట మన్ను కొట్టి నేను షికారు చేసేదా?”

ఆ పూటే కడ్డీ అతికించి, కొత్త పిన్ను వేసి, బండి కిందే పడుకొని, “తొక్కప్పా,” అన్నాడు. గంగాధరం తొక్కాడు. గేర్ చప్పుడు లేకుండా పడింది.

బాగున్న బండిని అట్లా తోలితే సెల్ఫ్ చెడుతుందని ఆయనకు తెలుసు. ఒకరి బండిని చెడగొట్టే మనిషి కాదు, అందుకే మళ్ళీ ఏ జీపునూ అడగలేదు. గంగాధరం మాత్రం అటువైపు వచ్చినప్పుడల్లా షెడ్డు ముందర ఆపేవాడు.

“క్లచ్ ఎట్లుండాది?” అని అడిగేవాడు ఫకీర్ సాహెబ్.

“నీ చేతిపని కదన్నా, బెమ్మాండంగా ఉండాది.”

“మంచిదప్పా,” అనేవాడు. తన పని అంత గట్టిగా నిలిచినందుకు ప్రతిసారీ ఆయనకు కొంచెం దిగులేసేది.