గోడలోంచి వచ్చిన పుంజు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది చదివే వయసులో మనిషికి తెలిసింది తక్కువ, చెప్పాలన్న ఉబలాటం ఎక్కువ. నాకైతే మరీను. సెలవులకు గోదావరిఖని వచ్చానంటే మా గని క్వార్టర్లలో ఎవరు దొరికితే వారికి క్వాంటం శాస్త్రం వినిపించేవాణ్ణి (నన్ను తప్పించుకోవడానికి మా నాన్న గంట ముందే డ్యూటీకి బయల్దేరేవాడు).

ఒక మధ్యాహ్నం అమ్మ కూరగాయలకు వెళ్లింది. నేను నిద్ర లేచేసరికి పక్క క్వార్టర్ అత్త మా పెరట్లో నిలబడి ఉంది. ఆమె మొక్కు కోసం పెంచుతున్న ఎర్ర పుంజు మా జామచెట్టు కింద తిరుగుతోంది. "రెక్కలు కత్తిరించిన పుంజు ఇది. మా గేటు గొళ్లెం పెట్టే ఉన్నది, మీ గేటు గొళ్లెం పెట్టే ఉన్నది. మరి గీడికి ఎట్లొచ్చింది?" అంది. అమ్మే ఎత్తుకొచ్చిందన్నట్టు మాట పోతోందని అర్థమైంది. అప్పటికే నలుగురు పోగయ్యారు. ఇక అమ్మ పరువు నిలిపేది నా చదువే అనుకున్నాను.

"గోడలోంచి గూడ రావచ్చు అత్తా" అన్నాను. అతి చిన్న కణాలు దాటలేని అడ్డును కూడా ఒక్కోసారి దాటి అవతల తేలుతాయనీ, పుంజు కూడా ఆ కణాల ముద్దేననీ వివరించాను. గనిలో ముప్పై ఏళ్లు చేసిన మామ, అంటే ఆ అత్త భర్త, శ్రద్ధగా విన్నాడు. "గట్లయితే మేం బొగ్గుకు మందు పెట్టి పేల్చుడెందుకు అల్లుడా? గోడకు ఆనుకొని నిలబడితె అవతల తేలుతం గదా."

"అంత పెద్దవాటికి కుదరదు మామా. పుంజు గోడ దాటాలంటే లోకం పుట్టినకాడి నుంచి తంటాలు పడ్డా సరిపోదు."

"ఇది నిరుడు పుట్టింది" అన్నాడు మామ.

అందరూ నవ్వారు, అత్త తప్ప. "అంటె రాదన్నట్టే గదా" అంది. నా సాక్ష్యంతో అమ్మను నేనే ఇరికించానని అప్పుడు తెలిసింది.

"మీ గేటు కింది సందులకెల్లి బయట పడ్డది వదినా" అంది వెనకనుంచి అమ్మ. "కుక్క ఎంటబడితె నేనే పట్టుకొచ్చి ఈడ ఇడిసిన. మీరేమో దవాఖానకు పోయిన్రు." అత్త మొహం విచ్చుకుంది. పుంజును చంకన పెట్టుకుని అమ్మ చెయ్యి పట్టుకుంది.

అమ్మ ఎప్పుడో వచ్చిందట. "ముందే చెప్పొద్దా?" అన్నాను కోపంగా.

"నువ్వు గంత మంచిగ చెప్తుంటె నడుమల ఎట్ల ఆపుత కొడుకా. మొత్తం ఇన్న."

ఇప్పుడు కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. ఇవన్నీ కంటికి కనిపిస్తాయా సార్ అని పిల్లలు అడుగుతారు. కణాలు అలా అడ్డు దాటబట్టే సూర్యుడు వెలుగుతున్నాడని చెప్పి, కిటికీలోంచి పడే ఎండను చూపిస్తాను. ఆ మాట ఆ రోజే తట్టి ఉంటే ఇంకో అరగంట చెప్పేవాణ్ణి. అమ్మ వినేది.