పాలరాతి పిల్లల తండ్రి

అగాపీతో మెంకోనీకి ఒకే ఒక్క జబ్బు. పాలరాతి బొమ్మ కొనడానికి వచ్చిన ప్రతివాడూ అతని కంటికి పిల్లను చూసుకోవడానికి వచ్చిన పెళ్లికొడుకులా కనిపించేవాడు. అడగాల్సినవన్నీ అడిగి, నచ్చితే సరే అనేవాడు. నచ్చకపోతే "మా పిల్లనివ్వం, వెళ్లిరండి" అనేవాడు. బొమ్మ అతనిది కాదు, రాయి అతనిది కాదు, పనిశాల అతనిది అసలే కాదు. అయినా అడిగేవాడు.

ఇటలీలో పాలరాతి గనుల ఊరు మాది, కర్రారా. ఫ్రెంచి సైనికులు దాన్ని వదిలిపోయిన కొత్తలో సంగతి. అప్పట్లో ఏ దేశపు దొర ఇల్లు కట్టుకున్నా, అందులో పాత పురాణాల ప్రేమజంట ఒకటి తెల్లగా నిలబడి ఉండాల్సిందే. అలాంటివి చెయ్యడంలో మా మేస్త్రీ తాంక్రెదీది పెద్ద పేరు. ఆయన మట్టితో నమూనా చేసేవాడు. పధ్నాలుగు మంది ఉలిపనివాళ్లు దాన్ని రాతిలోకి దించేవాళ్లు. ఆఖరున అగాపీతో నీళ్లు పోసి, తడి గడ్డితోనూ నురుగురాయితోనూ నెలల తరబడి రుద్ది, రాతికి చర్మం తెప్పించేవాడు.

అందరికన్నా ముందు పని నాది. గనిలోకి వెళ్లి, దిమ్మను సుత్తితో కొట్టి, చెవి ఒగ్గి వినేవాణ్ణి. గంటలా మోగితే మంచి రాయి. గొంతు బొంగురుపోతే లోపల ఎక్కడో పగులున్నట్టు. అది వెంట్రుకంత సన్నగా ఉంటుంది కాబట్టి మా ఊళ్లో దాన్ని వెంట్రుక అనే అంటాం. నా పేరుతో "సెత్తీమియో చెవి" అంటే గనుల్లో ఒక గౌరవం ఉండేది.

అగాపీతోకి పెళ్లి కాలేదు. అందుకేనేమో, ఉన్న పితృప్రేమంతా రాతి ఆడపిల్లల మీద పోశాడు. అరియాద్నెను రుద్దుతున్నన్నాళ్లూ ఆమెను ద్వీపంలో నిద్రలో వదిలేసి ఓడెక్కిపోయిన థీసియస్‌ను తిట్టేవాడు. "నేనా ఒడ్డున ఉండుంటే వాడి ఓడకి చిల్లు పెట్టేవాణ్ణి" అనేవాడు. సైకీ అంటే మరీ ప్రాణం. మొగుడు క్యూపిడ్, రెక్కలున్న ప్రేమదేవుడు, చీకట్లోనే వస్తాడు, మొహం చూడొద్దంటాడు. చూసిందని వదిలేసి ఎగిరిపోతాడు. వాడి తల్లి వీనస్సేమో ఆ పిల్లకి గింజల కుప్ప ముందు పడేసి, తెల్లారేలోగా ఏరి పెట్టమంటుంది.

"ఎక్కడైనా ఉందిట్రా ఇంత అత్తపోరు?" అని నన్ను నిలదీసేవాడు. "వాడికి రెక్కలున్నాయి గానీ, అమ్మకి ఎదురుచెప్పే నోరుందా? ఇలాంటి ఇంటికి పిల్లనిస్తారా ఎవరైనా?"

"ఇచ్చింది మనం కాదు కదన్నా, పురాణాలవాళ్లు."

"అందుకే ఈసారైనా నేను చూసుకుంటున్నాను" అనేవాడు.

అతని ప్రశ్నలు వినాలి. లుక్కా నుంచి ఒక వకీలు పెళ్లాంతో సహా వచ్చి సైకీని అడిగాడు. అగాపీతో చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంట్లో పొయ్యి ఎక్కడండీ?"

"నడిమింట్లో."

"పిల్ల నిలబడే చోటికి ఎన్నడుగులు?"

"మూడు."

"మూడే? మొహం మాడిపోదూ? సరే, గోడకి చెమ్మ ఉందా? ఉత్తరపు కిటికీ ఉందా? దుమ్ము దులిపే పనిమనిషికి కోపం ఎక్కువా? తలుపులు దబాలున వేసే అలవాటు ఎవరికైనా ఉందా?"

వకీలు పెళ్లాం వైపు ఒక్క చూపు చూశాడు. అది చాలు అగాపీతోకి. "మా పిల్లనివ్వం, వెళ్లిరండి" అన్నాడు. ఆవిడ లేచి వెళ్తూ మా పనిశాల తలుపును ఎంత గట్టిగా వేసిందంటే, పైనున్న నమూనా చెయ్యి ఒకటి ఊడిపడింది. "చూశారా" అన్నాడు అగాపీతో అందరివైపూ తిరిగి.

మేస్త్రీ ఎందుకు ఊరుకునేవాడంటే, చాలామంది దొరలకి ఇదంతా వేడుకగా ఉండేది. ముసలాడు ఒప్పుకున్నాడంటే ఏదో పరీక్షలో నెగ్గినట్టు మురిసిపోయి, కబుర్లు చెప్పి మరో నలుగురిని పంపేవాళ్లు. మేము మధ్యాహ్నం రొట్టెలో పంది కొవ్వు పెట్టుకుని తింటూ అతన్ని ఆట పట్టించేవాళ్లం. అందరికన్నా ఎక్కువ నవ్వింది నేనే. "ముసలాడి బుర్రలోనే ఒక వెంట్రుక ఉంది, కొట్టి చూస్తే తెలుస్తుంది" అన్నది కూడా నేనే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ముప్పై ఏళ్లు గనుల్లో సుత్తి మోత విన్న చెవి ఎన్నాళ్లుంటుంది? నాకు మనుషుల మాట వినిపించేది గానీ, రాతి గొంతులోని తేడా అందడం మానేసింది. ఈ సంగతి నా పెళ్లాం జెలిందాకి తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. తెలిస్తే ఆ రోజే నా పని పోతుంది. యాభై ఏళ్లవాడికి కొత్త పని ఎవడిస్తాడు? అందుకని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, దిమ్మను కొట్టి, కళ్లు మూసుకుని, తల పంకించి, "మంచి రాయి" అనేవాణ్ణి. ఒక్క బొమ్మ మీదా ఫిర్యాదు రాలేదు. దేవుడు నా పక్షాన ఉన్నాడని నమ్మాను.

ఆ శరత్కాలంలో రష్యాలోని పీటర్స్‌బర్గ్ నుంచి కౌంట్ ద్రుగానోవ్ వచ్చాడు. ఆరడుగుల మనిషి, మూడు గుర్రాల బండి. క్యూపిడ్ సైకీని పొదివి పట్టుకుని ముద్దు పెట్టబోతున్న మా జంటను చూసి, టోపీ తీసి అలాగే నిలబడిపోయాడు. ఇది నచ్చితే మరో పన్నెండు బొమ్మలు చేయిస్తానన్నాడు. అంటే మా అందరికీ రెండేళ్ల పని. మేస్త్రీ మొహం వెలిగిపోయింది. అంతలో అగాపీతో పీట లాక్కుని కూర్చున్నాడు.

"పిల్లని ఎక్కడ ఉంచుతారు దొరగారూ?"

"తోటలో. చెరువు పక్కన మంటపం కట్టించాను."

"గోడలున్నాయా?"

"స్తంభాలే. గాలి బాగా వస్తుంది."

"మంచు పడుతుందా?"

కౌంట్ నవ్వాడు. "ఆరు నెలలు. మోకాలి లోతు."

అగాపీతో లేచాడు. "మా పిల్లనివ్వం, వెళ్లిరండి."

కౌంట్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు గానీ మేస్త్రీ నవ్వలేదు. "అగాపీతో, ఆటలు చాలు. దొరగారు తీసుకెళ్తున్నారు."

"ఇవ్వనండి."

"నువ్వెవరయ్యా ఇవ్వడానికి? కారణం చెప్పు."

అగాపీతో బొమ్మ వైపు చూశాడు, మేస్త్రీ వైపు చూశాడు, ఒక్క క్షణం నా వైపు కూడా చూశాడు. "పిల్లకి చలి పడదు" అన్నాడు.

"అయితే నువ్వూ రేపట్నుంచి రానక్కర్లేదు."

అతను నురుగురాళ్లు గుడ్డలో మూట కట్టుకుని వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే ఆ పూట నాకేమీ బాధ కలగలేదు. రెండేళ్ల పని దక్కిందని ఉలిపనివాళ్లతో కలిసి నేనూ ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, పెట్టెలో సర్దేముందు బొమ్మను కడిగే పని నామీద పడింది, అగాపీతో లేడు కాబట్టి. నాలుగు బిందెల నీళ్లు పోశాను. గాలికి రాయి ఆరుతూ వచ్చింది. సైకీ మొహం ఆరింది, చేతులు ఆరాయి, క్యూపిడ్ వీపు ఆరింది. అతని ఎడమ రెక్క మొదట్లో మాత్రం ఒక గీత ఆరలేదు. నల్లగా, సన్నగా, జానెడు పొడవున ఉండిపోయింది. గుడ్డతో తుడిచాను, పోలేదు. రాతిలో వెంట్రుక ఉంటే నీళ్లు అందులోకే దిగుతాయి. పీటర్స్‌బర్గ్ చలికి ఆ నీళ్లు గడ్డకడితే, మొదటి శీతాకాలంలోనే ఆ రెక్క సైకీ నెత్తిన పడుతుంది.

ఆ దిమ్మను ఎంచింది నేను. బొమ్మ మీద నీళ్లు పోస్తూ నెలల తరబడి రుద్దినవాడికి ఈ గీత కనిపించకుండా ఉంటుందా? పొయ్యి, చెమ్మ, ఉత్తరపు కిటికీ, దబాలున వేసే తలుపు: అతను అడిగినవన్నీ పగులున్న రాయికి పడనివే. నేను మూర్ఖుణ్ణి కాబట్టి నవ్వాను.

సాయంత్రం అతని ఇంటికి వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని చెస్ట్‌నట్ పిండి రొట్టె తింటున్నాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు.

"ఎన్నాళ్లుగా తెలుసు?" అన్నాను.

"ఆరేళ్లు."

"ఎలా?"

"చెవి ఉన్నవాడు రాయిని కొట్టి రాయి వైపు చూస్తాడు. నువ్వు రాయిని కొట్టి మా మొహాలు చూడ్డం మొదలుపెట్టావు."

"వెంట్రుక ఎన్ని బొమ్మల్లో ఉంది?" అని అడిగాను.

"తొమ్మిది. కంగారు పడకు, తొమ్మిదీ వెచ్చని, పొడి ఇళ్లలో ఉన్నాయి. అలాంటి చోట వెంట్రుక వెయ్యేళ్లున్నా ఏమీ కాదు. ఒక్క పగులున్న పిల్లకే అడిగితే నలుగురికీ అనుమానం వస్తుందని, బాగున్న పిల్లలకి కూడా అడిగేవాణ్ణి. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు. నేను వెయ్యి అబద్ధాలాడి పెళ్లిళ్లు చెడగొట్టాను."

"మరి నిన్న చెప్పేస్తే పోయేది కదన్నా, నీ పని నిలబడేది."

"నాకెవరున్నారు? నేనొక్కణ్ణి ఈ రొట్టెతో బతికేస్తాను. నీకు జెలిందా ఉంది. ఆవిడ చేసే సూప్ ఎలాగూ వారానికోసారి నాకూ పంపుతుంది" అని మూతి తుడుచుకున్నాడు. "రేపు బొమ్మ బరువెక్కువనో, బండి విరిగిందనో ఏదో ఒకటి చెప్పి ఆ దొరని ఆపు. నీ నోరు మాత్రం విప్పకు."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే నవ్వుతాడని లేచి వచ్చేశాను.

పొద్దున్నే బొమ్మ మీద మళ్లీ నీళ్లు పోసి, మేస్త్రీనీ కౌంట్‌నీ ఎదురుగా నిలబెట్టి, ఆరిందాకా చూడమన్నాను. గీత తేలింది. "ఈ తప్పు నాది. ఆరేళ్లుగా నాకు రాయి వినిపించడం లేదు. అగాపీతో నన్ను కాపాడటానికి పిచ్చివాడిలా నటించాడు" అన్నాను. చెప్పేశాక ఆరేళ్ల బరువు దిగినట్టుంది.

మేస్త్రీ కుర్చీలో కూలబడ్డాడు. ముందు మాట్లాడింది కౌంటే. "అంటే నా వంశం నచ్చక కాదా ఆయన కాదన్నది?"

"కాదు దొరగారూ, మీ మంచు నచ్చక."

"హమ్మయ్య" అన్నాడు ఆ ఆరడుగుల మనిషి. "రాత్రంతా నిద్రపట్టలేదు నాకు. మా ఇంట్లో పుస్తకాల గది ఉంది. పొయ్యి దూరంగా ఉంటుంది, కిటికీలు రెండు పొరలు. ధర కాస్త తగ్గించండి. తోటకి వేరే బొమ్మ చేద్దురుగాని. ఆయన్ని పిలిపించండి, ఏమేం అడుగుతాడో అడగమనండి."

అగాపీతో వచ్చాడు. కౌంట్‌ను ఇరవై ప్రశ్నలు అడిగి, పుస్తకాల గదిలో చుట్ట కాల్చనని ప్రమాణం చేయించుకుని, చివరికి సైకీ చెయ్యి నిమిరి సరే అన్నాడు. తర్వాత మేస్త్రీ నా వైపు తిరిగాడు. గనికి వెళ్లే పని నా మేనల్లుడికి ఇచ్చాడు. నన్ను ఇంటికి పంపెయ్యలేదు. నీళ్లతో పగుళ్లు కనిపెట్టడం నేర్చుకోమని అగాపీతో బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

నేను వెళ్లి పక్కన కూర్చోగానే అగాపీతో నా చూపుడువేలు పట్టుకుని ఒక తడి రాతి మీద పెట్టి మెల్లగా జరిపాడు. ఒకచోట గోరుకి ఏదో తగిలింది. "అదీ వెంట్రుక. దీనికి చెవి అక్కర్లేదు" అన్నాడు.

తర్వాత మొదలుపెట్టాడు. ఆరేళ్లు కష్టపడి కట్టుకొచ్చిన అబద్ధాన్ని ఒక్క పొద్దులో పాడుచేసినందుకు, నోరు మూసుకోమంటే మూసుకోనందుకు, ఊళ్లో అందరూ ఇక తనని తెలివైనవాడనుకుంటారు కాబట్టి బేరాల్లో ఎవరూ నవ్వరని, సాయంత్రం గంట కొట్టేదాకా గొంతెత్తి నన్ను తిడుతూనే ఉన్నాడు. దేవుడి దయవల్ల నాకు ఒక్క ముక్క కూడా పోకుండా వినిపించింది.