ముత్తయ్య జీపుకు పెట్టిన ముక్కు

కొత్త జిల్లాలు అయినంక రెండో వానాకాలంలో నన్ను గోదావరి పక్కకు మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా వేసిన్రు. కాగితం మీద పేరు అది. జనం నోట్లో మాత్రం నేను బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను. సర్వీసు మొత్తంలో నన్ను సరైన హోదాతో పిలిచింది మా పై ఆఫీసరు ఒక్కడే, అది గూడ మెమో ఇచ్చేటప్పుడు. మా కుర్చీ ఆర్టీవోకు కింద, అసిస్టెంట్ ఇన్‌స్పెక్టర్‌కు మీద ఉంటది. తిట్లు రెండు దిక్కుల నుంచి వచ్చే చోటు అన్నట్టు.

కిరాయికి తిరిగే ప్రతి బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలె. రోడ్డు మీద తిరగడానికి ఈ బండి పనికొస్తది అని ఇన్‌స్పెక్టర్ సంతకం పెట్టే కాగితం అది. పద్ధతి సీదాగనే ఉంటది. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అచ్చును రికార్డుతో పోల్చి చూస్తం. తర్వాత బ్రేకు, లైట్లు, టైర్లు, వైపర్లు, పొగ. ఆఖరుకు బానెట్ లేపుతం. బండోళ్లు సొంత తెలివితో చేసిన ఇంటి వంటకాలన్నీ అక్కడనే బయటపడతయి.

గాలి గొట్టం మీద మా దిక్కు జనానికున్న మోజు ఇంకెక్కడా చూడలేదు. ఇంజనుకు డీజిల్ ఎంత ముఖ్యమో గాలి అంతే ముఖ్యం. ఆ గాలిలో దుమ్ము ఉంటే పిస్టన్ రింగులను గీకి తింటది, అందుకే కంపెనీ వాడు దారిలో ఫిల్టర్ డబ్బా పెడతడు. మణుగూరు రోడ్ల మీద బొగ్గు దుమ్ముకు అది జల్దీ మూసుకపోతది. మావాళ్లు దాన్ని దులపరు, మార్చరు, పీకి అవతల పడేస్తరు. "పికప్ పెరిగింది సార్" అంటరు. పెరిగేది చప్పుడు. ఒకాయన వంటింట్ల జల్లెడ తెచ్చి బిగించిండు. ఇంకొకాయన గొట్టాన్ని టాపు దాకా లేపి, మూతి ఆకాశం దిక్కు పెట్టిండు, మొదటి వానకే నీళ్లు సక్కగ ఇంజన్లకు పోయినయి. గొట్టం లేపుడు తప్పు కాదు, పైన దుమ్ము తక్కువ ఉంటది, వాగు నీళ్లూ అందవు. కానీ మూతి ఎటు పెట్టాలె, అతుకులు ఎట్ల బిగించాలె అన్న తెలివి గూడ ఆ గొట్టంతో పాటు పైకి పోవాలె కద.

గిట్ల ఉండంగ ఒకరోజు ముత్తయ్య తన జీపును మా టెస్టు మైదానానికి తెచ్చిండు. పినపాక అవతల అడవి పల్లెలకు ప్యాసింజర్లను తీస్కపోయే మనిషి. యాభై దాటినయి. మాట మెత్తన, మొండితనం మాత్రం గట్టిది. బానెట్ లేపి చూస్తే కంపెనీ వాళ్లు హెడ్‌లైటు వెనక పెట్టిన గాలి గొట్టం లేదు. ఇంజనుకు, మనుషులు కూర్చునే గదికి నడుమ ఉండే ఇనుప రేకుకు ఇంత పెద్ద బొక్క కొట్టి ఉంది. వాగు నీళ్లు తోడే ఇంజన్లకు వాడే లావు పైపును ఆ బొక్కలకెళ్లి లోపలికి తెచ్చి, ముందు సీటు ముంగట డ్యాష్‌బోర్డు కింద కట్టిండు. పైపు మూతికి పాత చీర గుడ్డ, దాని మీద సైకిల్ ట్యూబు ముక్కతో బిగింపు. డబ్బాలో ఉండాల్సిన ఫిల్టర్ లేనే లేదు.

"ఇదేందయ్యా?" అన్న.

"ముక్కు సార్. వాగుల నీళ్లు లైట్ల దాకా వస్తయి. ముక్కు కింద ఉంటే నీళ్లు తాగుతది. ఇప్పుడు లోపల మనం పీల్చే గాలే అది గూడ పీలుస్తది."

అతని మాట కొట్టిపారేసేది కాదు. నీళ్లు గాలి లెక్క ఒత్తితే అణగవు. సిలిండర్ల నీళ్లు పడితే పిస్టన్ పైకొచ్చి గుద్దుకుంటది, కనెక్టింగ్ రాడ్డు వంగుతది, ఇంజను ఖతం. అంతకుముందు వానాకాలం ముత్తయ్యకు అదే జరిగింది. కానీ ఇంజన్ల మంట లేస్తే ఆ బొక్కలకెళ్లి సీదా కూర్చున్నోళ్ల మోకాళ్ల మీదికి వస్తది. చీర గుడ్డ ఆకులను ఆపుతది గాని మెత్తటి దుమ్మును ఆపదు. పైగా మోటారు వాహనాల చట్టం యాభై రెండో సెక్షను ప్రకారం పర్మిషన్ లేకుండ బండి రూపు మార్చొద్దు. రిజెక్ట్ అని చెప్పిన.

అప్పటిదాకా జీపు వెనక సీట్ల కూర్చున్న ఒకామె దిగింది. సుగుణ, ఆ పల్లెలకు తిరిగి టీకాలు వేసే నర్సు. వాగు అవతల రెండు గూడేలున్నయి. వానల్ల అటు పోయే బండి ముత్తయ్యది ఒక్కటే. టీకాల డబ్బాల ఐసు కరిగిపోతే మందు పనికిరాదు, పిల్లల టీకాలు ఆగుతయి. ఇదంతా చెప్పి, "బండి ఆపుతరా సార్? ఆపుండ్రి. శనివారం ఆ డబ్బా మీరే నెత్తిన పెట్టుకొని వాగు దాటుండ్రి. నాకైతే ఈత రాదు" అన్నది. అంతటితో ఆగినా బాగుండేది. ఈ మైదానం దాటి రోడ్డు చూసిన ఇన్‌స్పెక్టర్ ఎవరన్న ఉన్నరా అని గూడ అడిగింది.

నాకు కాలింది. వాగు దాకా పోవుడు నా డ్యూటీ కాదు. అయినా శనివారం నేనే వస్త, ఈ ముక్కు లేకుంటే పని నడవదని చూపెట్టుండ్రి అన్న. పాత ఫిట్‌నెస్‌కు ఇంకా కొన్ని రోజుల గడువుంది గనుక బండి తిరగడానికి అడ్డం లేదు.

శనివారం పొద్దున మణుగూరుల ఆటో యూనియన్ వాళ్లు రోడ్డు భద్రత మీద నాతో మాట్లాడించి, శాలువా కప్పిన్రు. ఎర్ర అంచు, జరీ, మెడకు గుచ్చుకునే రకం. సన్నగ జల్లు పడుతుంటే చలికి అనే పేరు పెట్టి దాన్ని తీయకుండనే జీపెక్కిన. అసలు సంగతి, నలుగురు చూడాలని. నేను ముందు సీట్ల, సుగుణ నా వెనక, ఒళ్లో టీకాల డబ్బా.

వాగు తొడల లోతు ఉంది. ముత్తయ్య ఫస్ట్ గేరేసి, ఎక్సలేటర్ తగ్గించకుండ దింపిండు. నీళ్లు బానెట్ ముంగట చీలి లైట్లను ముంచినయి. కంపెనీ ముక్కు ఉండాల్సిన చోటు నీళ్లల్ల ఉన్నది, ఇంజను మాత్రం ధీమాగ గుర్రుమంటున్నది. మనిషి చెప్పింది నిజమే అనుకున్న. సరిగ్గ అప్పుడే ఎవరో నా మెడ వట్టి కిందికి గుంజిన్రు. సుగుణకు ఇంత కోపమా అని వెనక్కి తిరుగబోతే తల తిరగలేదు. శాలువా కొస డ్యాష్‌బోర్డు కింద పైపులకు సరసర పోతున్నది. ఇంజను వెనక నీళ్లల్ల నల్లపొగ బుడగలు కక్కి, రెండుసార్లు ఎగిరి, వాగు నడుమ ఆగిపోయింది.

"పీకు! పీకు సార్! జల్దీ!" ముత్తయ్య అరుస్తున్నడు, మర్యాద నీళ్లల్ల కొట్టుకపోయింది. సైలెన్సర్ మూతి మునిగి ఉంది. ఆలస్యమైతే నీళ్లు వెనకకెళ్లి ఇంజన్లకు ఎక్కుతయి. నా పాదాల మీదికి అప్పటికే వచ్చినయి. సుగుణ డబ్బాను సీటు మీద పెట్టి, సంచిలకెళ్లి కత్తెర తీసి, "కదలకుండ్రి" అని నా మెడ దగ్గర శాలువాను కత్తిరించింది. నేను, ముత్తయ్య కలిసి మిగిలిన దాన్ని గుంజినం. జరీ సగం చేతికొచ్చింది, సగం పైపుల మిగిలింది, దాన్ని ముత్తయ్య మోచేయి దాకా చేయిపెట్టి తీసిండు. సెల్ఫ్ కొట్టంగనే ఇంజను అందుకున్నది. నీళ్లు తాగలేదు కాబట్టే అందుకున్నది. అది గూడ రాసుకోవాలె కద.

ఒడ్డెక్కినంక అడిగిన, చీర గుడ్డ ఎటు పోయిందయ్యా అని.

"మీరు ఎక్కుతున్నరని తీసేసిన సార్. అది చూస్తే మళ్ల కోపమొస్తదని."

నేను నవ్వాల్నో తిట్టాల్నో తేల్చుకోకముందే సుగుణ మా ముగ్గురి తరఫున నవ్వింది. గూడెం తల్లులు పిల్లలను ఎత్తుకొని అప్పటికే చెట్ల కింద కూర్చున్నరు. వాళ్ల ఎదురుగ మెడ మీద శాలువా ముక్కతో జీపు దిగిన ఆఫీసరును నేనే. సూది పడ్డ పిల్లలు గూడ నన్ను చూసి ఏడుపు ఆపిన్రు.

తిరిగొచ్చి రిజెక్ట్ అని కాగితం మీద రాసే ఇచ్చిన. రేకు బొక్క మూయాలె, ఫిల్టర్ పెట్టాలె, గాలి గొట్టం కంపెనీ చోటుకు రావాలె. రిపేరు చేయించి మళ్ల టెస్టుకు తెచ్చే హక్కు బండి ఓనరుకు ఉంటది. ముత్తయ్య వారం తిరగకముందే వచ్చిండు. ఫిల్టర్ కొత్తది. గొట్టం కంపెనీ చోట్లనే ఉంది. బొక్క మీద మందపు రేకు బిగించిండు, కానీ స్పానర్‌తో తిప్పే నట్లు కావు, వేళ్లతోనే రెండు నిమిషాల్ల విప్పే రెక్కల నట్లు, వాటికి గ్రీజు. ఇవేందయ్యా అంటే తుప్పు పట్టకుండ అన్నడు. ముందు సీటు కింద ఆ లావు పైపు చుట్ట చుట్టి ఉంది, మూతికి ఈసారి ఇనుప జాలి. సీటు కింది సామాను గురించి మా ఫారంల కాలమ్ లేదు. రేకు మూసి ఉందా అన్న దానికి ఉంది, ఆ రోజు మూసే ఉంది. బ్రేకు, లైట్లు, పొగ మళ్ల చూసి సంతకం పెట్టిన.

దాని తర్వాతి శనివారం వాన దంచి కొట్టింది. టీకాలు అవతలి ఒడ్డుకు టైముకు చేరినయని సుగుణ ఫోన్ చేసి చెప్పింది. ఎట్ల చేరినయో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఈ వ్యవహారంతో నాకు తెలిసింది ఇది. జీపు గాలి ఎక్కడ పీల్చాలో తేల్చేటప్పుడు కంపెనీ వాడు మా వాగును చూడలేదు. ముత్తయ్య తేల్చేటప్పుడు ముందు సీట్ల మనిషి కూర్చుంటడని చూడలేదు. ఫిట్‌నెస్ ఇచ్చేవాడు రెండూ చూడాలె. నేను మైదానంల నిలబడి అంతకుముందు ఎన్నో బండ్లకు సంతకాలు పెట్టిన, వాటిల ఒక్కటి పోయే దారి గూడ నేను చూసి ఉండలేదు.