పాప నడక నడిచిన రోజు

ఎనభైల నాటి మాట. మా ఆయన కువైట్‌లో లారీ మెకానిక్. నన్నూ, అయిదేళ్ళ మా పాప షమీమ్‌నీ రమ్మని వీసాలు పంపారు. పాపకు పుట్టుకతోనే ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంటే, అంతకు ఏడాది ముందే నరసరావుపేటలో ఆపరేషన్ చేయించాం. ఎదిగేదాకా డాక్టరుకు చూపిస్తూనే ఉండాలి. పరాయి దేశంలో ఎవరికి ఏమని చెప్పుకోవాలో తెలియక, ప్రయాణానికి ముందు పాపను తీసుకుని ఆ డాక్టరు గారి దగ్గరికే వెళ్ళాను.

ఆయన ఎక్స్‌రేలు, కాగితాలు ఇచ్చి, "ఇయన్నీ సరేనమ్మా. పాదం మళ్ళీ తిరుగుతుందేమో కనిపెట్టాల్సింది నువ్వే. నేను కువైట్ డాక్టర్ననుకో, నాకు తెలుగు రాదు. ఆపరేషన్‌కి ముందు పాప ఎట్టా నడిచేదో చూపించు" అన్నారు.

ఆసుపత్రి వరండా నిండా జనం. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఎడమ పాదం లోపలికి తిప్పి, అంచు మీద కుంటుతూ నడిచాను. ఎవరో కిసుక్కున నవ్వారు. నాలుగడుగులకే తూలాను.

బల్ల మీద కూర్చున్న పాప గబగబా దిగొచ్చి నా వేలు పట్టుకుంది. "పడతావమ్మా. నన్ను పట్టుకొని నిదానంగా నడువు" అంది. అన్నాళ్ళూ నేను దానికి చెప్పిన మాటలే అవి.

డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "చాలమ్మా. ఏ దేశం డాక్టరుకైనా అర్థమవుద్ది" అన్నారు.

కువైట్‌లో కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అలాగే కుంటుతూ నడిచి చూపించాను. నేను కుర్చీలోంచి లేవగానే పాప కూడా లేచేది, నా వేలు పట్టుకోవడానికి.

– మస్తాన్‌బీ, కారంపూడి