సంపత్ ట్రే, కొండల్ నోరు

కొండల్‌కు నవ్వడం రాదని ఊళ్ళో అంటారు. రాక కాదు, పెదవులు బిగబట్టి నవ్వుతాడు, అంతే. దోహాలో ఓ పెద్ద హోటల్ నేలమాళిగలో ఏళ్ళ తరబడి గిన్నెలు కడిగిన మనిషి. అక్కడ నిద్ర ఆపుకోవడానికి తంబాకు, సున్నం తప్ప వేరే దారి దొరకలేదు. ఆ తంబాకు దవడలోనే ఉండిపోతే బాగుండేది. ముందు పళ్ళ మొదళ్ళన్నీ ఇటుక రంగుకు తిప్పేసింది. ఆ హోటల్లో పైన భోజనాల హాలు ఎట్లా ఉంటుందో కొండల్ ఒక్కసారి కూడా చూడలేదు. కిందికి దిగొచ్చే ప్లేట్లలో మిగిలిన తిండిని చూసి, పైన ఎంత వెలుగుంటుందో ఊహించుకునేవాడు.

కాంట్రాక్టు అయిపోయి ఖానాపూర్ పక్కనున్న తన ఊరికొచ్చి పత్తి పెట్టాడు. కాయ పగిలే వేళకు వాన పడి పత్తి నల్లబడింది. సరిగ్గా అప్పుడే గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు కరుణాకర్ ఫోన్ చేశాడు. కరీంనగర్‌లో ఇంటర్వ్యూ, దోహాలో కొత్త హోటల్, వెయిటర్లు కావాలట.

"మొఖం సాఫ్‌గ ఉండాలె, నవ్వు సాఫ్‌గ ఉండాలె. గంతే అన్నా, మిగతాది నేను జూస్కుంట" అన్నాడు.

ఆ మాటతో కొండల్ గుండెలో హాలు దీపాలన్నీ వెలిగాయి. ఈసారి కిందికి కాదు, పైకి. ఆ వెంటనే అద్దంలో పళ్ళు కనిపించాయి.

భార్య సక్కుబాయి తమ్ముడు సంపత్ అప్పుడు సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడు. వాడూ దోహాలోనే, కానీ వెయిటరు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో గల్ఫ్ సామానుకు సొంతదారు ఉండడు. ఒకడు తెచ్చిన సూట్‌కేసు ఇంకొకడు పట్టుకుపోతాడు. ఫొటో కోసం కొన్న కోటు వాడంతా తిరుగుతుంది. బూట్లు పెద్దవైతే ముందర గుడ్డపీలిక కూరుకుంటారు, చిన్నవైతే మడమ తొక్కేసి నడుస్తారు. సంపత్ కోటు, బూట్లు అప్పటికే కొండల్ చేతికొచ్చేశాయి. వాటి వెనకే ఒక చిన్న డబ్బా వచ్చింది. లోపల పళ్ళ వరస ఆకారంలో మెత్తటి ప్లాస్టిక్ తొడుగులు, పక్కన సూది లేని సిరంజిల్లాంటి జెల్ గొట్టాలు.

"గిదేందిరా బామ్మర్ది, ముసలోళ్ళ కట్టుడు పండ్లా?"

"కాదు బావా, ట్రే అంటరు. జెల్ పెట్టి పండ్లకు తొడుక్కోవాలె. డాక్టరు నా నోట్ల ముద్ద పెట్టి, అచ్చు తీసి చేసిండు. జూడు!" అంటూ నోరు బార్లా తెరిచాడు.

"అబ్బో! ముగ్గుపిండి కొట్టినట్టున్నయిరా తమ్మీ" అంది సక్కుబాయి. వెంటనే అనుమానమొచ్చింది. "నీ నోటికి చేసింది మీ బావకు పడ్తదా మరి?"

"వీని బూట్లు పడ్డయి, గిది పడదా?" అని కొండల్ డబ్బా జేబులో వేసుకున్నాడు.

సంపత్ నవ్వాడు గానీ, చెప్పాల్సింది చెప్పాడు. "పన్నుకు బియ్యపుగింజంత చాలు బావా. అరగంటనే. చిగుర్లకు అంటితే తుడుచుకో. జివ్వుమంటే ఆపేయ్. అయినంక జరసేపు చాయ్, తంబాకు బంద్."

"ఓహో, గ్లాసులు మోసుకుంట డాక్టరువు కూడ అయినవురా?"

సంపత్ దోహా విమానం ఎక్కేశాడు. కొండల్ మొదట చెప్పినట్టే పెట్టుకున్నాడు. తీసి అద్దం చూస్తే ఇటుక రంగు ఇటుక రంగే. ఇంటర్వ్యూ దగ్గరికొచ్చేసింది. కొండల్ ఎంతైనా పత్తి రైతు. పురుగు చావకపోతే పత్తి రైతు మందును తప్పుపట్టడు, మోతాదు పెంచుతాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక, ట్రే నిండా జెల్ నింపి తొడుక్కున్నాడు. సంపత్‌ది వెడల్పు దవడ. ఆ తొడుగు కొండల్ పళ్ళను పట్టుకోలేదు, వాటి చుట్టూ జారింది. వేళ్ళతో పైకి ఒత్తాడు. జెల్ అంచుల్లోంచి బయటికొచ్చి చిగుళ్ళ మీద పేరుకుంది.

"మండుతుందా?" అని సక్కుబాయి అడిగింది.

తలూపాడు.

"మరి తీయరాదు?"

"మండితేనే గదనే మందు పని జేసేది!" ట్రేతో ఆ మాట ముద్దముద్దగా వచ్చింది. ఫ్యాను కింద పడుకున్నాడు. బర్రెలు ఇంటికొచ్చేదాకా లేవలేదు.

లేచి ట్రే లాగితే చిగుళ్ళు ఉడికిన గుడ్డు తెల్లసొనలా పాలిపోయి ఉన్నాయి. పళ్ళ చివర్లు సుద్దముక్కల్లా అయ్యాయి. మొదళ్ళ దగ్గర మరక మాత్రం చెక్కు చెదరలేదు. చల్లటి నీళ్ళు నోట్లో పోసుకుంటే నరం మెదడుదాకా లాగింది. సక్కుబాయి వేలితో వెన్న రాస్తూ ఏడ్చినంత పని చేసింది.

"డాక్టర్ కాడికి పోదాం పా."

"ఇంటర్వ్యూ అయినంక."

మర్నాడు కరీంనగర్‌లో, ఒక లాడ్జి హాల్లో ఇంటర్వ్యూ. సక్కుబాయి కూడా వెంట వచ్చి మెట్ల దగ్గర కూర్చుంది. కంపెనీ నుంచి వచ్చినాయన మంచి మనిషిలాగే ఉన్నాడు. ప్లేట్లు ఎత్తి చూపమన్నాడు. కొండల్ మూడు ప్లేట్లు ఒక్క చేతి మీద పేర్చి, చప్పుడు కాకుండా టేబుల్ చుట్టూ తిప్పి దించాడు. గిన్నెలతో అన్నేళ్ళు బతికిన చెయ్యి అది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. "వాహ్!" అన్నాడు.

తర్వాత, "అబ్ స్మైల్ కరో."

ఎండిపోయిన పై పెదవి చిగురుకు అతుక్కుపోయి ఉంది. కొండల్ నవ్వాడు. పొర చిరిగి, పంటి మీదుగా సన్నటి నెత్తుటి చార దిగింది.

నోట్లో ఏం రోగమో అని ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. "మూ మే క్యా బీమారీ హై?"

"బీమారీ నై సాబ్... దవా... దవా లగాయా..."

మందు పెట్టుకున్నానన్న ఆ మాట పూర్తయ్యేలోపే ఆయన తర్వాతి మనిషిని పిలిచేశాడు.

కరుణాకర్ మెట్ల దగ్గరికి లాక్కొచ్చి అందుకున్నాడు. "నా ఇజ్జత్ దీసినవ్ గదనే! ఏం జేసినవ్ నోటికి?"

కొండల్ చెప్పాడు.

"తంబాకు మరకలకా? లోపట కూసున్నోళ్ళల్ల సగంమందికి ఉన్నయి గా మరకలు! సెలెక్ట్ అయినంక కంపెనీ డాక్టరే సాఫ్ జేపిస్తడు."

"నవ్వు సాఫ్‌గ ఉండాలె అన్నవు నువ్వే."

"అన్న. తానం జేసి రమ్మని చెప్పినట్టు అన్న! గింత జేసుకుంటవని కలగన్ననా?" కాస్త తగ్గి, గొంతు దించాడు. "గిన్నెలు కడిగేకాడ జాగలున్నయి. నోరు మానినంక మెడికల్‌ల పాసైతవు. సాయంత్రం లోపట చెప్పు."

సక్కుబాయి ఇక ఒక్క మాట వినలేదు. అదే వీధిలో ఉన్న పళ్ళ డాక్టర్ సృజన దగ్గరికి తీసుకుపోయి, వెంట తెచ్చిన ట్రే డబ్బా ఆమె ముందు పెట్టింది.

"ఈ ట్రే ఎవరిది?" అని డాక్టర్ అడిగింది.

"మా తమ్మునిది."

"ఎవరి నోటికి చేసింది వాళ్ళకే సరిపోతుందమ్మా. వేరేవాళ్ళు పెట్టుకుంటే జెల్ అంతా చిగుళ్ళ మీదికే కారుతుంది. అదీగాక ఈయన పళ్ళ మీద గార గట్టిగా పేరుకుంది. గార తీయించకుండా ఎంత జెల్ పెట్టినా గోడ మీది బురదకు సున్నం వేసినట్టే." దీపం వంచి చూసింది. "కాలిన పొర ఊడి కొత్త చర్మం వస్తుంది, భయం లేదు. అప్పటిదాకా కారం, పులుపు, వేడి వద్దు. జెల్ ముట్టుకోవద్దు. మానినాక రండి, గార తీస్తా. మీ మరకల్లో చాలావరకు ఒక్కసారి కూర్చుంటేనే పోతాయి."

"ఒక్కసారి కూసుంటెనా?"

"అంతే. ఆ తర్వాత కూడా కావాలంటే మీ నోటికి అచ్చు తీసి ట్రే చేద్దాం."

కొండల్ డబ్బా మూత మూసి పక్కకు నెట్టాడు. తర్వాత, "గా కింద గిన్నెలకాడ ఎవలు జూస్తరు డాక్టరమ్మా?" అన్నాడు.

సక్కుబాయి అతని మోకాలి మీద చెయ్యి వేసింది. "నీ పండ్లు నీకేనయ్యా, గిన్నెలకు చూపిచ్చేటందుకా?"

అతను చేయి పక్కకు జరిపి ఫోన్ తీశాడు. కరుణాకర్ ఎత్తగానే పెదవులు కదపకుండా ఏదో గొణిగాడు.

"ఏందన్నా? ఇనవడ్తలేదు. జర గట్టిగ చెప్పు."

చిగుళ్ళు చీరుకుపోతున్నా నోరు పూర్తిగా తెరిచి, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళకు కూడా వినపడేలా, గిన్నెలు కడగడానికి వస్తానని కొండల్ ఇంకోసారి చెప్పాడు.