మధ్య కుర్చీ

తొమ్మిదేళ్లుగా ఒక మనిషి బతుకు నా గుండె మీద కూర్చుని ఉంది. దించుకోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. ధైర్యం చాలలేదు. నా భార్యకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు, చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నా మొహం మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. పిరికివాళ్లు ఇలాగే చెబుతారు కాబోలు.

మాది కాకినాడ. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పని చేసి రిటైరయ్యాను. ఆఫీసులో నన్నెవరూ పెద్దగా పట్టించుకున్నది లేదు. నాకున్న పేరంతా నా చెవి వల్ల వచ్చింది. ఖరీదైన స్పీకర్లు, ఆంప్లిఫయర్ల పిచ్చి పట్టిన తెలుగువాళ్లం గుర్గావ్, నోయిడా, ఢిల్లీలన్నీ కలిపి ఒక పాతికమందిమి ఉండేవాళ్లం. ఆదివారం మధ్యాహ్నాలు ఎవరో ఒకరి ఇంట్లో చేరి పాటలు వినేవాళ్లం. కాదు, అది కూడా అబద్ధమే. పాట ఎవరిక్కావాలి? స్పీకర్లను వినేవాళ్లం. అందరూ విన్నాక నా వైపు చూసేవారు. నన్ను ‘చెవిగారు’ అనేవారు. వేళాకోళంగానే మొదలైన పిలుపు అది. రాను రాను నేను తల ఊపితే కొనడం, పెదవి విరిస్తే మానెయ్యడం దాకా వచ్చింది. ఆ కాసేపూ నేనెంత గొప్పవాణ్ననుకునేవాణ్నో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

లింగమూర్తి అక్కడే పరిచయమయ్యాడు. సిరిసిల్ల మనిషి, నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. ఫరీదాబాద్‌లో సభలకూ బస్టాండ్లకూ పెట్టే హారన్ స్పీకర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పని చేసేవాడు. పగలంతా అరిచే డబ్బాలు చేసి, ఇంటికొచ్చి మెత్తగా పాడే పెట్టెలు చేసుకునేవాడు. చెక్క తనే కోసేవాడు, తీగ తనే చుట్టేవాడు. వాళ్ల నాన్న మరమగ్గాల మీద పని చేసి చేసి నలభై ఐదేళ్లకే చెవులు పోగొట్టుకున్నాడట. “మా నాయనతోని మాట్లాడాలంటె పలకమీద రాసేటోళ్లం అన్నా” అని ఒకసారి చెప్పాడు. తనకూ ఆ గతే పడుతుందేమోనని అతనికి లోపల భయం. ఫ్యాక్టరీలో అందరూ నవ్వుతున్నా చెవుల్లో దూది కుక్కుకుని పని చేసేవాడు. ఆ భయం సంగతి తెలిసిన కొద్దిమందిలో నేనొకణ్ని. ఇది గుర్తుపెట్టుకోండి. తెలిసే చేశాను.

తొమ్మిదేళ్ల క్రితం, ఏటా ఢిల్లీలో జరిగే స్పీకర్ల షోకి నెల రోజుల ముందు నా భార్య సుశీల నన్ను బలవంతాన కరోల్ బాగ్‌లో చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కుక్కర్ ఆరు విజిల్స్ వేసి పప్పు మాడిపోయినా నేను పక్కనే కూర్చుని పేపరు చదువుకుంటున్నానని ఆవిడ గొడవ. నన్నొక అద్దాల గదిలో కూర్చోబెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చి, చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. కాసేపు నొక్కాను. తర్వాత నొక్కడానికి ఏమీ వినపడలేదు. పరీక్ష అయిపోయిందేమో, మీటలు తిప్పే అమ్మాయి చెప్పడం మరిచిపోయిందేమో అనుకున్నాను. అద్దం అవతల ఆ అమ్మాయి ఇంకా మీటలు తిప్పుతూనే ఉంది. కాగితం మీద గీత సగం దాకా తిన్నగా వచ్చి అక్కణ్నుంచి కిందికి పడిపోయింది. కింది స్వరాలూ మాటలూ బాగానే వినపడతాయి, పైవే పోయాయి, చెవికి వినికిడి మిషన్ పెట్టుకోవాలన్నాడు డాక్టరు. బయటికొచ్చాక సుశీలతో చెవిలో గులిమి ఉందట అని చెప్పాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పాత రికార్డు అట్టలో దాచాను.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? చెవి తీసేస్తే నాలో ఏం మిగులుతుంది?

ఆ షో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పెద్ద హోటల్లో జరిగేది. రెండంతస్తుల్లో గదులన్నిట్లోంచీ మంచాలు తీయించి ఒక్కో గది ఒక్కో కంపెనీకి ఇస్తారు. గదిలో రెండు స్పీకర్లు, ఎదురుగా మూడు వరసల కుర్చీలు. ముందు వరసలో మధ్య కుర్చీ ఉంటుందే, అసలు సంగీతం అక్కడే ఉంటుంది. రెండు స్పీకర్లూ సరిగ్గా అక్కడే కలుస్తాయి. ఆ కుర్చీ కోసం జనం పెళ్లి భోజనాల్లోలాగా వెనక నిలబడి కాచుకుంటారు. నన్ను చూస్తే లేచి ఇచ్చేవారు.

లింగమూర్తి ఆ ఏడాది మొదటిసారి ఒక గది తీసుకున్నాడు. బెంగళూరు నుంచి ఒక డీలరు మధ్యాహ్నం వస్తానన్నాడు. అతనికి నచ్చితే లింగమూర్తి పెట్టెలు పెద్ద షోరూముల్లోకి వెళతాయి, లింగమూర్తి ఫ్యాక్టరీ మానేసి తన పేరుతో తన పని చేసుకోవచ్చు. ఇరవై ఏళ్ల ఆశ. పొద్దున జనం రాకముందే నన్ను రమ్మన్నాడు. భార్య ఇస్త్రీ చేసిచ్చిన కొత్త చొక్కాలో బిగుసుకుపోయి ఉన్నాడు.

“అన్నా, మీరు మధ్యల కూసోండ్రి. పైన ఎట్లుందో మీరు చెప్తెనే నాకు ధైర్యం.”

కూర్చున్నాను. ఎవరో ఒకావిడ పాట, వెనక వయొలిన్. కళ్లు మూసుకున్నాను. గొంతు వినపడింది. వయొలిన్ గోడ అవతలి నుంచి వస్తున్నట్టుంది. తాళాలు ఉన్నాయో లేవో తెలియలేదు. అప్పుడు నేను అనాల్సిన మాట ఒక్కటే. నాకు తెలియదు లింగమూర్తీ, నా చెవులు పాడయ్యాయి, ఇంకెవరినైనా అడుగు. ఇంతే. ఎంతసేపు పడుతుంది ఆ మాటకి? నోటిదాకా వచ్చింది కూడా. అతను నా మొహం వంక చూస్తున్న చూపు చూసి మింగేశాను.

“పై స్వరాలు చాలట్లేదు. దుప్పటి కప్పినట్టుంది.”

“అవునా అన్నా? నాకైతె మంచిగనే ఇనవడ్తుంది.”

“రోజూ విని విని అలవాటు పడిపోయావు. పెంచు.”

నేల మీద పేపరు పరిచి, కొత్త చొక్కా చేతులు మడిచి, పెట్టెల వెనక పలకలు విప్పాడు. పై స్వరాలు పలికే చిన్న స్పీకరుకి కరెంటు ఎక్కువ పోకుండా ఆపే ముక్క ఒకటుంటుంది లోపల. రెంటిలోనూ అది పీకి, అంతకంటే తక్కువ ఆపేది ఇంకోటి అతికించాడు. పెట్టె లోపల చీకటిగా ఉంటే నేనే టార్చి పట్టుకున్నాను. చూశారా, టార్చి కూడా నేనే పట్టుకున్నాను. మళ్లీ పెట్టాడు, పక్క గదివాళ్లు ఏమంటారోనని సౌండు తక్కువలోనే. వయొలిన్ కాస్త పైకొచ్చినట్టనిపించింది నాకు. ఇప్పుడు సరిపోయింది అన్నాను. మీరు సరే అంటే సరే అని పలకలు బిగించేశాడు.

డీలరు నలుగురితో వచ్చాడు. లింగమూర్తి సౌండు పెంచాడు. నేను వెనక గోడకి ఆనుకుని ఉన్నాను. మొదటి నిమిషంలోనే ముందు వరసలో ఒకావిడ చెవి మీద చెయ్యి పెట్టుకుంది. పక్కనున్నతను తల పక్కకి తిప్పుకున్నాడు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం హాయిగా ఉంది. పాట అయ్యేదాకా వాళ్ల మొహాలు చూస్తూ నిలబడ్డాను. చెవితో తెలియనిది కళ్లతో తెలిసింది. నేనేం చేశానో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది.

అక్కడన్నా ఆగానా? డీలరు వెనక్కి తిరిగి, మీరంటే వీళ్లందరికీ గురి అట కదా, మీరేమంటారు అని ఇంగ్లీషులో అడిగాడు. లింగమూర్తి నా వైపే చూస్తున్నాడు. కాపాడతాననుకున్నాడు. పైన కాస్త హార్ష్‌గానే ఉంది, కొంచెం పెంచమంటే ఎక్కువ పెంచేశాడు అన్నాను. తడుముకోకుండా అన్నాను. డీలరు మర్యాదగా కార్డు ఇచ్చి వెళ్లిపోయాడు.

కాసేపటికి లింగమూర్తి కారిడార్లో మంచినీళ్ల దగ్గర దొరికాడు నాకు. గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగట్లేదు. నా మీద కోపం ఉంటుందనుకున్నాను. ఉంటే ఎంత బాగుండేది.

“అన్నా, పైన లేదని మీరన్నప్పుడు నాకు ఉన్నట్టే ఇనవడ్డది. ఇగ ఎంత పెంచిన్నో కూడ నాకు తెల్వలె. నా చెవులు మా నాయన లెక్కనే పోతున్నయా?”

“నేను విన్నప్పుడు సౌండు తక్కువలో ఉంది. నాకూ తెలియలేదు” అన్నాను. ఆ తర్వాత ఇంకో మాట అన్నాను. “ఎందుకైనా మంచిది, ఒకసారి చూపించుకో.”

చూపించుకోడని నాకు తెలుసు. తండ్రి పలక చూసి పెరిగినవాడు ఆ అద్దాల గదిలో అడుగుపెట్టడని తెలుసు. వెళితే అంతా బాగానే ఉందని తేలుతుందనీ, అప్పుడు వేలు నా వైపు తిరుగుతుందనీ కూడా తెలుసు. వెళ్లడన్న ధైర్యంతోనే అన్నాను. తొమ్మిదేళ్లలో నేను ఎక్కువసార్లు గుర్తుచేసుకున్నది ఈ లెక్కనే. క్షణంలో వేశాను. ఇంత నీచం నాలో ఎక్కడ దాగి ఉందో!

తర్వాత చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అతను పెట్టెలు చెయ్యడం మానేశాడు. రంపం, చెక్క, అన్నీ ఎవరికో ఇచ్చేశాడని విన్నాను. ఫ్యాక్టరీలోనే హారన్ల దగ్గర మిగిలిపోయాడు. దూది కూడా పెట్టుకోవడం మానేశాడట. పోయిన చెవులకి దూదెందుకు అన్నాడట. ఆ మాట నాదాకా వచ్చింది. అయినా ఫోన్ చెయ్యలేదు.

మూడేళ్ల క్రితం, ఇక మాటలు కూడా చిల్లులు పడుతుంటే, మిషన్లు పెట్టించుకున్నాను. లింగమూర్తి షోకి ముందు అదే రకంలో చేసి నాకిచ్చిన మొదటి జత నా ఇంట్లోనే ఉంది, ఎవరూ విప్పనిది, ఎవరూ పాడు చెయ్యనిది. మిషన్లు పెట్టుకుని, ఆ రోజు గదిలో విన్న పాటే పెట్టి వాటి ముందు కూర్చున్నాను. వయొలిన్ మీద కమాను రాపిడి వినపడింది. పాడేముందు ఆవిడ పీల్చిన గాలి వినపడింది. ఎక్కడా ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. మిషన్‌తో వినేది అసలు వినికిడి కాదని నాకు తెలుసు. అందుకే సుశీలని పిలిచి అడిగాను, ఇవి ఎలా ఉన్నాయని. “ఇవెప్పుడూ బాగానే ఉంటాయి కదండీ, మీకే నచ్చవు” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఈ ఏడాది షోకి మళ్లీ వెళ్లాను. ఎందుకు వెళ్లానో అడక్కండి. మెట్రో దిగగానే మిషన్లు తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఈ వయసులో కూడా, చెవిగారు మిషన్ పెట్టుకున్నాడని ఎవరూ అనకూడదని నా తాపత్రయం. ఒక గది గుమ్మంలో లింగమూర్తి కనిపించాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. పక్కన కాలేజీ చదివే కూతురు, తనే బలవంతాన తీసుకొచ్చిందట. నన్ను చూసి అతని మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. చేతులు పట్టుకున్నాడు. ఆ అమ్మాయి నా దగ్గరగా వచ్చి ఫిర్యాదు చేసింది. “అంకుల్, పాపా కో సబ్ సునాయీ దేతా హై. మైనే ఫ్రిజ్ ఖోలా తో దూస్రే కమ్రే సే పూఛ్‌తే హైఁ, క్యా ఖా రహీ హై.” నాన్నకి అన్నీ వినపడతాయట, తను ఫ్రిజ్ తెరిస్తే పక్క గదిలోంచే ఏం తింటున్నావని అడుగుతాడట. తండ్రి నవ్వేసి, చిన్నపిల్ల, దానికేం తెలుసు అన్నట్టు చెయ్యి ఊపాడు. నేనూ నవ్వాను. అవును, నవ్వాను.

గదిలో మధ్య కుర్చీ ఖాళీ అయింది. కూర్చో అన్నాను. నేను కూసుంటె ఏం లాభం అన్నా అని నన్నే భుజం పట్టి కూర్చోబెట్టాడు. తను గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మీరు చెప్తె నేను ఇన్నట్టే అన్నాడు. జేబులో మిషన్లు గుండెకి తగులుతూనే ఉన్నాయి. ఎదురుగా ఏదో వాయిస్తున్నారు, నాకు అందులో సగమే అందుతోంది. పాట అయ్యాక గుమ్మం వైపు తిరిగాను. ఎట్లుంది అన్నట్టు కళ్లెగరేశాడు. చాలా బాగుంది అన్నట్టు తల ఊపాను. అతను కూడా తృప్తిగా తల ఊపాడు. మంచిదేదో విన్నవాడిలాగే వెళ్లిపోయాడు.

అతని నంబరు నా దగ్గరుంది. ఈ వాక్యం రాస్తుండగా కూడా ఫోన్ బల్ల మీదే ఉంది. చేస్తానని మీకు మాటివ్వను, ఇచ్చిన మాట నిలబెట్టుకునే మనిషిని కానని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు చెప్పినా ఏం ఒరుగుతుంది? యాభై ఏడేళ్ల మనిషికి నీ చెవులు పోలేదు, నీ ఏళ్లే పోయాయి అని చెప్పాలా? ఇది కూడా నా పిరికితనానికి నేను తొడిగే చొక్కాయేనేమో. నాకు నిజంగా తెలియదు.

లింగమూర్తి చెవులకు ఏమీ కాలేదు. ఆ గదిలో చెవిటివాణ్ని నేను.

ఇన్నేళ్లలో ఈ మాట కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి. రాశాక మిషన్లు పెట్టుకుని, తలుపు వేసుకుని, పైకి ఒకసారి చదివాను. నా గొంతు నాకు స్పష్టంగా వినపడింది.