నేను పాడనివ్వని ఎత్తిపొడుపు పాట

మా మిరప చేలో కోతలకు వచ్చే ఆడవాళ్ళలో ముందు సాలు పట్టే ఆమె ఒకతె ఉంది. ముందు సాలు మనిషి పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు కాయలు కోస్తూ వంత పాడతారు. మధ్యాహ్నం సాలు చివరికి చేరగానే ఆసామిని ఎత్తిపొడుస్తూ ఒక పాట కట్టడం అలవాటు. తిట్టించుకున్నవాళ్ళు నవ్వి, తలా ఒక బెల్లం ముక్క పెట్టాలి. కోపం తెచ్చుకుంటే ఇంకో రెండు చరణాలు పడతాయి. నా మీద ఆమె కట్టింది ఇది:

మజ్జిగ పోసింది మా మంచి తల్లి
కుండలో చూత్తేను కిష్ణమ్మే మళ్ళీ

అబద్ధమేమీ కాదు. నేను మజ్జిగ పలచగానే పోస్తాను. చిక్కటిది తాగి ఎండలో వంగితే మత్తొస్తుందని నా వాదన. పాడినప్పుడల్లా బెల్లం పెట్టాను. నవ్వానో లేదో చెప్పలేను.

మూడేళ్ళ కిందట, పాటలు సేకరించే ఒకాయన చేనుకు వచ్చి ఆమె గొంతు విన్నాడు. గుంటూరులో స్టూడియోకి తీసుకెళ్ళి, ఎనిమిది పాటలు రికార్డు చేసి, ఆల్బమ్‌గా ఫోన్లలో పెడతానన్నాడు. రెండు రోజులు కోతకు రానని చెప్పడానికి ఆమె మా ఇంటికొచ్చింది.

"పోయిరావే. ఆ మజ్జిగ పాట మాత్రం పాడబాక," అన్నాను.

"దాంట్లో నీ పేరేడుందమ్మా?"

"పేరెందుకే? మన క్రోసూరులో ఎవర్నడిగినా చెబుతారు నా మజ్జిగ సంగతి."

ఆమె పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. "ఆ మాటకొస్తే ఆసాముల మీద కట్టినయ్యి ఏవీ వద్దు. ఎల్లుండి మళ్ళీ ఈ చేలల్లోకే గదా నువ్వు రావాల్సింది," అన్నాను.

నవ్వు ఆగిపోయింది. "సరేలేమ్మా," అంది.

బెదిరించానని ఆ రోజు నాకు తోచలేదు. చేలో అన్న మాట చేలో ఉండాలి, ఊళ్ళు తిరగకూడదు, అంతే అనుకున్నాను. స్టూడియోలో ఆయన ఎత్తిపొడుపు పాటల కోసం ఎంతో బతిమాలాడని, "నాకు రావయ్యా" అని ఆమె తప్పించుకుందని వంతకు వెళ్ళినవాళ్ళు తర్వాత చెప్పారు.

ఆల్బమ్ వచ్చింది. కొన్నాళ్ళకు ఆదివారం పేపర్లో దాని మీద ఒక విమర్శకుడు రాశాడు. నాది మూడో తరగతితో ఆగిన చదువు. కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాను. గొంతుకు వంక పెట్టలేమన్నాడు. కూలి మనిషి పాటల్లో కూలి మనిషి కోపం ఏదని అడిగాడు. అన్నీ ఆసాములు మెచ్చుకునేట్టు ఉన్నాయన్నాడు. ఈమెకు అలాంటి పాటలు రావో, పాడే ధైర్యం లేదో అని ముగించాడు. పేపరు మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను, ఇంట్లో ఇంకెవరూ చూడకుండా.

ఆ తర్వాతి కోత రోజు వెనక సాళ్ళలోంచి ఎవరో అరిచారు: "ఏమే, ఆసాముల కోయిలా! ఎత్తుకోవేందే పాట?" అందరూ నవ్వారు. ఆమె తలెత్తలేదు. నేను సాల్లోకి దిగి ఆమె పక్కకు వెళ్ళాను.

"పేపర్లో రాసింది తెలుసా?"

"మా కోడలు చదివింది. నాకు ధైర్యం లేదంట గదా."

"తప్పు నాదే. నేనే వద్దన్నానని ఆ పేపర్లో రాసినాయనకు ఫోను చేయించి చెబుతా."

"చెప్పబాకమ్మా. అప్పుడేం రాస్తాడు? ఆసామి వద్దంటే నోరు మూసుకుందని రాస్తాడు. దానికన్నా నాకా పాటలు రావనుకోవడమే నయం."

ఆ మాట నాకెందుకు తట్టలేదో! "పోనీ, ఇంకోసారి పోయి ఆ పాటలే పాడు. నేనేం అనుకోను," అన్నాను.

ఆమె చేతిలో కాయలు బుట్టలో వేసి నా మొహంలోకి చూసింది. "నువ్వు వద్దంటే మానేసి, నువ్వు పాడమంటే పాడితే, అది నా పాటెట్టా అవుద్దమ్మా?"

నేను సాల్లోంచి గట్టు మీదికి వెళ్ళాను. ఆ రోజు నుంచి మా చేలో సాలు చివర ఎత్తిపొడుపు పాట లేదు. నేను అడగలేదు, ఆమె ఎత్తుకోలేదు.

మొన్న, ఈ సంగతి రాసుకుంటానని ఆమెతో అన్నాను.

"రాసుకో. ఆ పాటలు నాకు రావని మాత్రం రాయబాక," అంది.

ఆమెకు వచ్చు. నా మొహం మీదే ఎన్నో ఏళ్ళు పాడింది.